ధైర్యం చెప్పే పాట కన్నా నిజం చెప్పే పాట

ఇంగ్లీషు పాప్ సంగీతంలో ఆడవాళ్లకు ధైర్యం నూరిపోసే పాటలకు కొదవ లేదు. 1972లో హెలెన్ రెడ్డీ పాడిన ‘ఐ యామ్ ఉమన్’ అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. 1978లో గ్లోరియా గేనర్ ‘ఐ విల్ సర్వైవ్’ వచ్చింది. ఆ తోవలో నడిచిన పాటలు మెల్లమెల్లగా ఒక అచ్చులోకి ఒదిగిపోయాయి. కేటీ పెర్రీ ‘రోర్’, రేచల్ ప్లాటెన్ ‘ఫైట్ సాంగ్’ వంటివి వింటే ఆ అచ్చు తేలిగ్గానే పట్టుబడుతుంది. చరణం కింది స్థాయిలో, పలచటి వాయిద్యాలతో మొదలై, పాడే మనిషి ఎంత అణిగిమణిగి ఉండేదో రెండు మాటల్లో చెబుతుంది. పల్లవి దగ్గరపడేకొద్దీ డ్రమ్ముల జోరు పెరుగుతుంది. పల్లవిలో గొంతు పైస్థాయికి లేచి, స్టేడియం నిండా జనం కలిసి పాడగలిగే చిన్న వాక్యం మీద నిలుస్తుంది. చివరి పల్లవికి ముందు వాయిద్యాలు కాస్త తగ్గి, మళ్లీ ఒక్కసారిగా విరుచుకుపడతాయి. వినేవాళ్లకు ఒళ్లు పులకరిస్తుంది. కానీ పాట అయిపోయాక ఆ మనిషికి ఏం జరిగింది, ఎవరు చేశారు, ఆమె దాన్ని ఎలా భరించింది అని అడిగితే జవాబు దొరకదు. బాధను రెండు వాక్యాల్లో దాటేస్తేనే గెలుపు అంత త్వరగా చేతికి అందుతుంది.

ఈ అచ్చులో ఇమడకుండా, అంతకన్నా పాతదీ గట్టిదీ అయిన సంప్రదాయంలోంచి వస్తున్న గాయనిని తెలుగు శ్రోతలకు పరిచయం చేయడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆమె పేరు రే. అసలు పేరు రేచల్ కీన్. 1997లో పుట్టి, దక్షిణ లండన్‌లో పెరిగింది. తండ్రి ఇంగ్లండ్ వాడు, తల్లి వైపు మూలాలు ఘనా, స్విట్జర్లాండ్‌లలో ఉన్నాయి. 2023 ఫిబ్రవరిలో వచ్చిన ఆమె తొలి ఆల్బమ్ పేరు ‘మై ట్వెంటీఫస్ట్ సెంచరీ బ్లూస్’. ఆ పేరులోని చివరి మాటను అలంకారం అనుకుని వదిలేయకూడదు. ఆమె పాటల బలం ఎక్కడిదో అది చూపిస్తుంది. నూరేళ్ల కిందట అమెరికాలో నల్లజాతి స్త్రీలు పాడిన బ్లూస్ పాటలో ఒక పద్ధతి ఉంది. ముందు బాధను పేరు పెట్టి, వివరంగా, తన నోటితో తానే చెప్పుకోవాలి. ధైర్యం ఆ తరువాత దానంతటదే వస్తుంది. రే పాటలు వినదగ్గవి కావడానికి కారణం ఈ పద్ధతి. నేటి స్త్రీల పాప్ పాటను కొలవడానికి కూడా ఇదే మంచి కొలత అని నా వాదన.

ఆ సంప్రదాయం చరిత్ర చిన్నదేమీ కాదు. 1920 ఆగస్టులో మేమీ స్మిత్ పాడిన ‘క్రేజీ బ్లూస్’ రికార్డు విపరీతంగా అమ్ముడుపోయాక, నల్లజాతి గాయనుల పాటలకు కొనుగోలుదారులు ఉన్నారని కంపెనీలకు తెలిసివచ్చింది. 1923లో మా రెయినీ పారమౌంట్ కంపెనీకి, బెస్సీ స్మిత్ కొలంబియాకు పాడడం మొదలుపెట్టారు. బెస్సీ తొలి విజయం ‘డౌన్‌హార్టెడ్ బ్లూస్’. దాన్ని రాసింది కూడా ఇద్దరు స్త్రీలే, ఆల్బర్టా హంటర్, లవీ ఆస్టిన్. ఈ పాటల్లో మగవాడి దెబ్బలున్నాయి, వదిలేసిపోయిన ప్రియుడున్నాడు, అద్దె కట్టలేని పేదరికం ఉంది, జైలు ఉంది, సారా ఉంది. 1927లో బెస్సీ పాడిన ‘బ్యాక్‌వాటర్ బ్లూస్’ వరదలో ఇల్లు మునిగిపోయిన మనిషి కథ. 1928లో పాడిన ‘పూర్ మ్యాన్స్ బ్లూస్’ ధనవంతుణ్ణి నిలదీసే పాట. 1998లో ఏంజెలా డేవిస్ ఈ గాయనుల మీద ‘బ్లూస్ లెగసీస్ అండ్ బ్లాక్ ఫెమినిజం’ అనే పుస్తకం రాస్తూ, ఆ కాలపు జనరంజకమైన పాటల్లో రాజ్యమేలిన పెళ్లి, సంసారం, మాతృత్వం వీళ్ల పాటల్లో దాదాపుగా కనిపించవని ఎత్తిచూపింది. ఉద్యమమనే మాట వాడకుండానే వాళ్లు ఆడదాని బతుకులో అంతవరకు పైకి చెప్పని భాగాన్ని రికార్డు మీదికి ఎక్కించారు.

ఆ పాటల పనితనాన్ని కాస్త విప్పి చూడాలి. పన్నెండు తాళావర్తాల బ్లూస్‌లో చరణానికి మూడు పాదాలుంటాయి. మొదటి పాదం ఒక సంగతి చెబుతుంది. రెండో పాదం దాదాపు అదే మాటను మళ్లీ చెబుతుంది, కానీ కింద స్వరాల అల్లిక మారడంతో అదే మాటకు కొత్త బరువు వస్తుంది. మూడో పాదం దానికి జవాబిస్తుంది. ఆ జవాబు ఏడుపు కావచ్చు, ఎత్తిపొడుపు కావచ్చు, పగలబడి నవ్వించే చమత్కారమూ కావచ్చు. మొదటిసారి విన్నప్పుడు ఫిర్యాదులా ఉన్నది రెండోసారి సాక్ష్యంలా వినిపిస్తుంది, మూడో పాదానికి తీర్పు అవుతుంది. పాదానికీ పాదానికీ మధ్య గాయని ఊపిరి పీల్చుకునే చోట ట్రంపెటో పియానోనో ఆమె మాటకు బదులు పలుకుతుంది. బుర్రకథలో వంతల పని గుర్తున్నవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. ఇక స్వరం సంగతికొస్తే, మూడో స్వరాన్నీ ఏడో స్వరాన్నీ పాశ్చాత్య స్కేలులో వాటికి కేటాయించిన చోటు నుంచి కొంచెం కిందికి వంచి పాడతారు. ఆ వంపు వల్ల స్వరం సంతోషానికీ దుఃఖానికీ మధ్య ఊగుతుంది. చెప్పే మాట ఎంత మొండిదైనా గొంతు దాని వెనకున్న గాయాన్ని దాచదు.

ఈ పనితనం బ్లూస్ రికార్డులతోనే ఆగిపోలేదు. 1964లో నీనా సిమోన్ ‘మిసిసిపీ గాడ్‌డామ్’ పాడినప్పుడు నాటకశాలలో వినిపించే హుషారైన బాణీని ఎంచుకుని, అందులో నల్లజాతివాళ్ల హత్యల మీద ఆగ్రహాన్ని నింపింది. బాణీకీ మాటకూ మధ్య పొత్తు కుదరకపోవడమే ఆ పాట ఆయుధం. 1965లో ఓటిస్ రెడింగ్ రాసి పాడిన ‘రెస్పెక్ట్’ పనినుంచి ఇంటికొచ్చిన మగవాడు భార్యను మర్యాద అడిగే పాట. 1967లో అరీతా ఫ్రాంక్లిన్ అదే పాట తీసుకుని అడిగే మనిషిని మార్చింది. మర్యాద అనే ఇంగ్లీషు మాటలోని అక్షరాలను ఒక్కొక్కటిగా పలికే భాగాన్ని చేర్చింది. చెల్లెలు కరొలిన్, అక్క ఎర్మా వెనక వంత పాడారు. మాటల్లో మార్పు కొంచెమే, పాట అర్థం మాత్రం పూర్తిగా తిరగబడింది. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు అన్నదే స్త్రీల పాటలో అసలు కీలకం అని చెప్పడానికి ఇంతకన్నా తేటైన ఉదాహరణ లేదు.

అయితే ఈ సంప్రదాయానికి మరో ముఖం కూడా ఉంది. అది డబ్బు ముఖం. బెస్సీ స్మిత్‌కు కొలంబియా మొదట్లో పనికొచ్చిన ఒక్కో పాటకు 125 డాలర్లు ఇచ్చి చేతులు దులుపుకుంది, అమ్మకాల్లో వాటా లేదు. 1939లో బిల్లీ హాలిడే నల్లజాతివాళ్లను మూకలు ఉరితీయడం మీద ‘స్ట్రేంజ్ ఫ్రూట్’ రికార్డు చేస్తానంటే ఆమె కంపెనీ కొలంబియా వెనకడుగు వేసింది. ఆమె కమోడోర్ అనే చిన్న సంస్థకు పాడాల్సి వచ్చింది. అమెరికా చట్టం ప్రకారం మామూలు రేడియోలో పాట వేస్తే రచయితకే సొమ్ము ముడుతుంది, గాయకులకు కాదు. కాబట్టి అరీతా గొంతుతో ప్రపంచమంతా మోగిన ‘రెస్పెక్ట్’కు అమెరికా రేడియోల నుంచి ఆదాయం రెడింగ్ వైపుకే వెళ్లింది. 1990లలో అమ్మకాల శిఖరాన ఉన్నప్పుడే టీఎల్‌సీ అనే గాయనుల బృందం దివాలా ప్రకటించింది. ఆడవాళ్ల బలం గురించి పాట మార్మోగుతుంటే దాన్ని పాడిన మనిషికి దాని మీద హక్కు లేకపోవడం ఈ రంగంలో మామూలు సంగతి. ఒక పాట స్త్రీకి బలాన్నిస్తుందా అని అడిగేటప్పుడు ఆ పాట ఎవరి ఆస్తి అన్నది కూడా అడగక తప్పదు.

రే ప్రయాణం సరిగ్గా ఈ ప్రశ్న చుట్టూ తిరిగింది. లండన్‌లో ప్రభుత్వ నిధులతో నడిచే బ్రిట్ స్కూల్ అనే కళల పాఠశాలలో రెండేళ్లు చదివి బయటికి వచ్చేసింది. పదిహేడేళ్ల వయసులో, 2014లో, పాలిడార్ రికార్డు కంపెనీతో నాలుగు ఆల్బమ్‌ల ఒప్పందం మీద సంతకం చేసింది. ఆ తరువాత ఏళ్ల తరబడి ఆమె పని ఇతరుల పాటలకు గొంతివ్వడం, ఇతరులకు పాటలు రాయడం. జాక్స్ జోన్స్‌తో చేసిన ‘యూ డోంట్ నో మీ’, 2021లో జోయెల్ కోరీ, డేవిడ్ గెట్టాలతో చేసిన ‘బెడ్’ వంటి డాన్స్ పాటలు బ్రిటన్‌లో మొదటి అయిదు స్థానాల్లోకి వెళ్లాయి. బియాన్సే 2019లో పాడిన ‘బిగ్గర్’ రచయితల్లో ఆమె ఒకతి. కానీ తన పేరుతో ఒక్క ఆల్బమ్ కూడా రాలేదు. 2021 జూన్ చివర్లో ఆమె ఆ సంగతిని ట్విటర్‌లో బయటపెట్టింది. 2014 నుంచి నాలుగు ఆల్బమ్‌ల ఒప్పందంలో ఉన్నా ఒక్కటీ విడుదల చేయనివ్వలేదని రాసింది. కొద్ది వారాల్లో ఆమె, కంపెనీ విడిపోయారు. చేతిలో ఉన్న పాటలను సర్దుకుని, స్వతంత్ర గాయనిగా పంపిణీ సంస్థ సాయంతో విడుదల చేసింది. 2022 అక్టోబరులో వచ్చిన ‘ఎస్కేపిజం’ 2023 జనవరిలో బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. 2024 మార్చిలో జరిగిన బ్రిటన్ సంగీత పురస్కారాలు బ్రిట్ అవార్డుల్లో ఒకే రాత్రి ఆరు పురస్కారాలు గెలిచింది. అంతకుముందు ఒక్క రాత్రిలో నాలుగుకు మించి ఎవరికీ రాలేదు. ఆ ఆరింటిలో ఉత్తమ గీతరచయిత పురస్కారం ఉంది, అది అందుకున్న తొలి స్త్రీ ఆమే.

గెలుపు కథ చెప్పుకున్నాక పాటల్లోకి వెళ్లాలి, ఎందుకంటే అసలు రుజువు అక్కడుంది. ఆల్బమ్‌లో తొలి పూర్తి పాట ‘ఆస్కర్ విన్నింగ్ టియర్స్’. తనను మోసం చేసిన మగవాడు విడిపోతూ కన్నీళ్లు పెట్టుకుంటుంటే, ఆమె ప్రేక్షకురాలిలా కూర్చుని అతని నటనను చూస్తుంది. మామూలు పాటలో ఏడ్చేది ఆడది, చూసేది మగవాడు. ఇక్కడ చూపు తారుమారైంది. అరీతా చేసిన పని ఇదే, మనుషుల చోట్లు మార్చడం. బాణీ కూడా పాత సినిమాల ఆర్కెస్ట్రా ఆడంబరంతో మొదలై గొంతు తారస్థాయికి ఎక్కేదాకా పెరుగుతుంది. ఆ ఆడంబరం అతని నాటకాన్ని వెక్కిరించడానికే అని తెలిసి వింటే నవ్వొస్తుంది. బ్లూస్‌లో మూడో పాదం చేసే ఎత్తిపొడుపు ఇక్కడ పాట పొడుగునా పరుచుకుంది. దాని వెంటే వచ్చే ‘హార్డ్ అవుట్ హియర్’లో ఆమె గొంతు రాప్‌కు దగ్గరగా వచ్చి, ఊపిరి తీసుకోనివ్వని వేగంతో, తన బతుకును గదిలో కూర్చుని నిర్ణయించిన కంపెనీ పెద్దలను కడిగేస్తుంది.

‘ఎస్కేపిజం’ పద్ధతి వేరు. ప్రేమ తెగిన రాత్రి ఒక అమ్మాయి తాగి, మత్తులో, ఎవరితోనో గడిపి, ఏమీ తలచుకోకుండా ఉండాలని చేసే ప్రయత్నమే కథ. దాన్ని ఆమె సగం మాటగా, సగం పాటగా, ఒక సంఘటన వెంట మరో సంఘటన చెప్పుకుంటూ పోతుంది. గొంతులో జాలి కోరడం లేదు, గొప్ప చెప్పుకోవడం లేదు. కింద బేస్, డ్రమ్ము బరువుగా కొడుతుంటాయి. ఆ రాత్రి వేగం ఆ లయలో ఉంది. చివరికి వచ్చేసరికి ఆ జోరు సడలి, గొంతులోని అలసట బయటపడుతుంది. ‘మేరీ జేన్’లో మత్తుపదార్థాన్నే ప్రియుడిలా పిలిచి మాట్లాడుతుంది. కష్టాన్ని ఎదురుగా కూర్చున్న మనిషిని చేసి పలకరించడం బ్లూస్ గాయకులకు మొదటినుంచీ ఉన్న అలవాటు. ‘బాడీ డిస్మార్ఫియా’ అద్దంలో తన ఒంటిని తానే అసహ్యించుకునే స్థితి గురించి. వాతావరణ మార్పు భయం మీద రాసిన ‘ఎన్విరాన్‌మెంటల్ యాంగ్జైటీ’ని ప్రేమపాటల పక్కనే పెట్టడం కొందరికి అతుకులా అనిపించవచ్చు, కానీ బెస్సీ స్మిత్ వరదపాట గుర్తున్నవాళ్లకు అది సంప్రదాయం కొనసాగింపే. వంద సంవత్సరాల తరువాత కూడా నీళ్లు, గాలి, ఇల్లు ఆడదాని సొంత బాధల జాబితాలోనే ఉన్నాయి.

ఈ ఆల్బమ్‌లో అన్నిటికన్నా ముఖ్యమైనది ‘ఐస్‌క్రీమ్ మ్యాన్’. ఒక సంగీత నిర్మాత తన మీద చేసిన లైంగిక దాడి గురించి ఆమె రాసిన పాట ఇది. వీధిలోకి ఐస్‌క్రీమ్ బండి వస్తే పిల్లలు పరుగెత్తే తీపి జ్ఞాపకాన్ని పేరుగా పెట్టి, ఆ తీపిని ఎరగా వాడిన మనిషిని చూపిస్తుంది. బాణీ మెత్తగా, నెమ్మదిగా ఉంటుంది. కోపం రావాల్సిన చోట గొంతు ఇంకా తగ్గుతుంది. బయట నవ్వుముఖం పెట్టుకుని లోపల తననే నిందించుకుంటూ జరిగినదాన్ని పదేపదే తలచుకోవడం ఎలా ఉంటుందో చెబుతుంది. దాడికి గురైనవాళ్లలో ఎంతోమందిని ఏళ్లతరబడి నోరు విప్పనివ్వనిది ఈ స్వీయనిందే. దాన్ని దాటకుండా నేరుగా బలం గురించి పాడితే అది వాళ్లకు తగిలే పాట కాదు. ఇవన్నీ చెప్పాక ఆమె తాను బలమైన ఆడదాన్నని, ఒక మగవాడు తన నడకనూ మాటనూ పాడుచేయనివ్వనని అంటుంది. ‘రోర్’ వంటి పాట మొదటి నిమిషంలోనే చేరుకునే మాట ఇది. ఇక్కడికి రావడానికి రే తీసుకున్న దారి ఎంత దూరమో, ఆ మాట బరువు అంత.

ఈ పాట మీద ఒక ప్రశ్న రావచ్చు. ఆ నిర్మాత పేరు ఆమె బయటపెట్టలేదు, మరి ఇది సగం నిజమే కదా? పేరు చెప్పాలా వద్దా అన్నది బాధితురాలి హక్కు అని ఊరుకున్నా సరిపోతుంది. కానీ పాటగా చూసినా పేరు లేకపోవడం వల్ల ఒక మేలు ఉంది. పేరు ఉంటే శ్రోతల చూపంతా ఆ ఒక్క మనిషి మీద, ఆ కబుర్ల మీద పడేది. పేరు లేనప్పుడు మిగిలేది పద్ధతి. తలుపు మూసిన స్టూడియో, అవకాశం ఇచ్చే పెద్దమనిషి, కాదంటే పని పోతుందన్న భయం. ఇది ఆ రంగంలో ఏ మూలనైనా జరగగలదని వినేవాళ్లకు అర్థమవుతుంది. బ్లూస్ గాయనులు కూడా తమను కొట్టినవాళ్ల ఇంటిపేర్లు పాడలేదు. దెబ్బలు తినడం ఎలా ఉంటుందో పాడారు.

రికార్డులో విన్న పనితనం వేదిక మీద నిలుస్తుందా అన్న అనుమానానికి 2023 సెప్టెంబరు 26 నాటి రాయల్ ఆల్బర్ట్ హాల్ కచేరీ జవాబు. హెరిటేజ్ ఆర్కెస్ట్రా, ఒక గాయక బృందం తోడుగా ఆమె తన ఆల్బమ్ మొత్తాన్ని కొత్తగా అమర్చి పాడింది. ఆ కచేరీ రికార్డుగా కూడా వచ్చింది. స్టూడియోలో కంప్యూటర్ డ్రమ్ములు పట్టుకున్న చోటును అక్కడ వయొలిన్లు, ట్రంపెట్లు పట్టుకున్నాయి. గొంతు వెనక వంత గొంతులు లేచినప్పుడు చర్చి పాట వాసన తగులుతుంది. జాజ్ గాయనుల తరహాలో ఆమె స్వరాన్ని తాళానికి కొంచెం వెనకగా పట్టుకుని, చివర్లో దూకి అందుకుంటుంది. 2024 జూన్‌లో వచ్చిన ‘జెనెసిస్’ దాదాపు ఏడు నిమిషాల పాట. ఫోను తెర ముందు తనను తాను తక్కువ చేసుకునే మనసుతో మొదలై, బాణీలు మార్చుకుంటూ చివరికి బిగ్ బ్యాండ్ జాజ్ హోరులో వెలుతురు కోసం చేసే ప్రార్థన అవుతుంది. మూడు నిమిషాల్లో ముగించాలన్న రేడియో లెక్కలను పట్టించుకోనవసరం లేని మనిషి మాత్రమే అలాంటి పాట విడుదల చేయగలదు. ఒప్పందం నుంచి బయటపడడానికీ పాట నిడివికీ ఉన్న సంబంధం ఇదే.

అభ్యంతరాలు లేకపోలేదు. తాగుడు, మత్తు, అపరిచితులతో రాత్రులు నిండిన పాటలను ఆడపిల్లలకు బలం ఇచ్చేవిగా ఎలా సిఫార్సు చేస్తారని ఒక తల్లో తండ్రో అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. ఈ పాటలన్నీ చిన్నపిల్లలకు తగినవి కావు. ‘ఎస్కేపిజం’లోని మాటలు పెద్దలకే. కానీ బెస్సీ స్మిత్ కూడా 1928లో ‘మీ అండ్ మై జిన్’ పాడింది. అంతమాత్రాన ఆ పాట తాగుడును ఆదర్శంగా నిలబెట్టినట్టు కాదు. పాటలో ఒక పని చూపడం వేరు, దాన్ని మెచ్చుకోవడం వేరు. రే తన పాటల్లో ఆ రాత్రుల తరువాతి ఉదయాన్ని దాచదు, వాటి ఖరీదును దాచదు. నీతి చెప్పే పాట వినేవాళ్లను తప్పు చేసినవాళ్లుగా ఒక పక్క నిలబెడుతుంది. తన తప్పును తానే చెప్పే పాట వాళ్ల పక్కన కూర్చుంటుంది. ఇరవై ఏళ్ల అమ్మాయి తన బాధను ఎవరికీ చెప్పుకోలేనప్పుడు రెండో రకం పాటే ఆమెకు పనికొస్తుంది.

రెండో అభ్యంతరం ఇంకా పదునైనది. ఆడవాళ్ల బలం కూడా ఇప్పుడు అంగట్లో సరుకే, రే స్వతంత్రత కూడా ఆ సరుకు మీద అతికించిన చీటీయే అంటారు కొందరు. ఇందులో నిజం కొంత ఉంది. ఆమె పాటలను పంచిన హ్యూమన్ రీ సోర్సెస్ సంస్థ సోనీ గొడుగు కిందిదే. అంటే పెద్ద కంపెనీల లోకం నుంచి ఆమె పూర్తిగా బయటికి పోలేదు. అయితే పంపిణీకి ఒకరి సాయం తీసుకోవడం, పాటను వాళ్ల చేతిలో పెట్టడం ఒకటి కాదు. రైతు పంటను లారీలో మార్కెట్‌కు పంపినంత మాత్రాన పొలం లారీ యజమానిది అయిపోదు. ఏ పాట రావాలి, ఎప్పుడు రావాలి, ఎంత పొడుగుండాలి అన్న నిర్ణయం ఆమె చేతిలో ఉంది. గీతరచయితలకు రికార్డు ఆదాయంలో కూడా వాటా ఉండాలని ఆమె బహిరంగంగా అడుగుతోంది. బెస్సీ స్మిత్‌కు దక్కని వాటా సంగతే అది. కొన్నేళ్లు ఇతరులకు పాటలు రాసిన మనిషి నోట ఆ మాట రావడం వల్ల దానికి విలువ ఎక్కువ.

మూడోది, 2025 సెప్టెంబరులో వచ్చిన ‘వేర్ ఈజ్ మై హస్బెండ్!’ గురించి. నా మొగుడు ఎక్కడున్నాడు, ఇంకా రాడేం అని తొందరపడే పాట ఆడవాళ్లకు బలమిచ్చే పాట ఎలా అవుతుంది? పాట వింటే దాని హుషారు, ట్రంపెట్ల మోత, ఊపిరాడనివ్వని మాటల వేగం అంతా పాతకాలపు ప్రేమగీతాన్ని ఆటపట్టిస్తున్నట్టు ఉంటుంది. అంతకన్నా ముఖ్యమైనది, కోరికను ఆడది నోరు తెరిచి చెప్పడం.  తన డబ్బు, తన పాట, తన పేరు తన చేతిలో ఉన్న స్త్రీ తోడు కావాలని చెప్పడం లొంగిపోవడం కాదు. ఒంటరిగా ఉంటేనే బలవంతురాలు అని నియమం పెట్టడం కూడా ఆడదాని మీద మరో ఆంక్షే.

తెలుగు శ్రోతలు ఈ సంగీతం వినడానికి ఇంగ్లీషు మాటల అడ్డు కొంత ఉంటుంది, కానీ దీని స్వభావం మనకు పరాయిది కాదు. మన ఆడవాళ్లు పాడుకున్న రామాయణ పాటల మీద వెల్చేరు నారాయణరావు 1991లో అచ్చయిన వ్యాసంలో, ఆ పాటలు యుద్ధాలను పక్కన పెట్టి సీత వేవిళ్లనూ, పురుళ్లనూ, ఇంటి లోపలి మాటలనూ, రాముడి తప్పులనూ పట్టించుకున్నాయని చూపించారు. వాటిలో నినాదాలు లేవు, వివరాలున్నాయి. మరోవైపు మన సినిమా పాటల్లో ఎన్నో తరాలుగా ఆడదాని మనసును ఎక్కువగా మగ రచయితలే రాశారు, గాయనులు గొంతిచ్చారు. హక్కుల సంగతిలో కూడా పోలిక ఉంది. 1960లలో లతా మంగేష్కర్ గాయకులకు రాయల్టీ ఉండాలని పట్టుబట్టింది. గాయకుల రాయల్టీ హక్కును చట్టం గట్టిగా రాసింది 2012 కాపీరైట్ సవరణతోనే. అందుకే పాట ఎవరు రాశారు, డబ్బు ఎవరికి పోతోంది అన్న రే ప్రశ్నలు ఇక్కడి గాయనులకు కూడా నేరుగా తగులుతాయి.

రేను వినాలనుకునేవాళ్లు డాన్స్ క్లబ్బుల కోసం చేసిన పాత పాటలతో కాక, ‘ఆస్కర్ విన్నింగ్ టియర్స్’తో మొదలుపెడితే ఆమె చమత్కారం పట్టుబడుతుంది. తరువాత ఆల్బమ్‌ను వరసగా వినాలి, మధ్యలో ‘ఐస్‌క్రీమ్ మ్యాన్’ దగ్గర ఇబ్బంది కలిగినా దాటవేయకూడదు. అది దాటేస్తే మిగతా పాటల్లోని గెలుపు ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. ఆపై రాయల్ ఆల్బర్ట్ హాల్ కచేరీ, చివరగా ‘జెనెసిస్’. 2025లో గ్రామీ పోటీలో ఆమెను ఉత్తమ నూతన కళాకారుల జాబితాలో చేర్చారు. పదేళ్లకు పైగా ఈ పని చేస్తున్న మనిషిని కొత్తగా లెక్కపెట్టడంలో ఆ ఏళ్లలో చాలావరకు ఆమె పాట ఆమె చేతిలో లేదన్న ఒప్పుకోలు కూడా దాగుంది. రేపు మరో యువ గాయని ఆడవాళ్లకు ధైర్యం చెబుతూ వస్తుంది, మార్కెట్ ఆమెను ఆకాశానికెత్తుతుంది. అప్పుడు ఆ పాటలో బాధకు ఎంత చోటిచ్చారో, ఆ పాట మీద హక్కు ఎవరిదో చూస్తే సరిపోతుంది. ఈ రెండు పరీక్షల్లోనూ నిలిచిన పాటలు ఇవాళ పాప్‌లో తక్కువ. వాటిలో రే పాటలున్నాయి.